ఇనుము ఆయనకు, అప్పు ఆమెకు

నేను ఒక పిండి గిర్నీని. ఇప్పుడు పెద్దపల్లిలో ఒక పాత ఇనుము కొట్టులో, తలుపుల్లేని బీరువాకూ చక్రాల్లేని సైకిలుకూ నడుమ పడి ఉన్నాను. నన్ను చూసి జాలిపడకండి. జాలిపడాల్సిన మనిషి వేరే ఉంది.

ఆమె పేరు సమ్మక్క. మహిళా సంఘంలో అప్పు తీసుకుని నన్ను కొన్నది. సంఘం అప్పు ఆడవాళ్లకే ఇస్తారు గనక కాగితం మీద సంతకం ఆమెది. దుకాణంలో సేటు బిల్లు పుస్తకం తెరిచి పేరడిగితే మాత్రం, సిగ్గుపడుతూ మొగుడు ఓదెలు వైపు చూసింది. పేరుబలం చూసిన అయ్యగారు ఆమెకు ఇనుము అచ్చిరాదన్నాడట. ఓదెలు పేరు మీద కొంటే ఇల్లు నిలబడుతుందన్నాడట.

“ఆయన పేరే రాయుండ్రి సేటూ. ఆయనదైతేంది, నాదైతేంది?” అంది.

ఆ మాటకు నేనూ మురిసిపోయాను. కొత్త ఇనుముకు లోకజ్ఞానం ఎక్కడిది!

ఓదెలు లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్ననాడు నా ముందు కుర్చీ వేసుకుని చాయ్ తాగేవాడు. నన్ను తిప్పింది, తుడిచింది, రాళ్లు నునుపెక్కితే ఉలితో గంట్లు పెట్టింది సమ్మక్కే. కారం పట్టినాక గుప్పెడు నూకలు ఆడించి నా గొంతు శుభ్రం చేస్తే గానీ ఇంకొకరి జొన్నలు పోసేది కాదు. ఊరంతా నన్ను ‘సమ్మక్క గిర్నీ’ అనే పిలిచింది. ఓదెలు గిర్నీ అన్నది ఆ బిల్లు ఒక్కటే.

ఆ ఓదెలు మంథనిలో ఇంకో ఇల్లు పెట్టాడు. ఆ సంగతి అయ్యగారి లెక్కల్లో రాలేదు. కొట్లాటలయ్యాయి, అలకలయ్యాయి, చివరికి ఇద్దరూ విడాకులకు ఒప్పుకున్నారు. కోర్టుకు పోయేముందు పంపకాలు తేల్చడానికి పెద్దమనుషులు వచ్చి నా ముందే కూర్చున్నారు.

“గిర్నీ బిల్లు ఎవలి పేరు మీదున్నది?” అని పెద్దమనిషి పోశాలు అడిగాడు.

ఓదెలు జేబులోంచి మడత కాగితం తీసి చూపించాడు.

“అప్పో?”

“నా పేరు మీదనే,” అంది సమ్మక్క. “గని పెద్దయ్యా, గా అప్పుతోనే గదా గీ గిర్నీ అచ్చింది. ఇది పోతే నేనేం తినాలె, కిస్తీలెట్ల గట్టాలె? నేను గట్టకపోతే సంఘపోళ్ల మీద పడ్తది.”

“కాగితం ఎట్లుంటె అట్లనే మాట్లాడాలె బిడ్డా. గిర్నీ ఆయనకు, అప్పు నీకు. చెరొకటి అచ్చె. ఇగ లొల్లెందుకు?”

సమంగా పంచామన్న తృప్తితో పెద్దమనుషులు చాయ్ తాగారు. పెట్టింది సమ్మక్కే. ఆ తీర్పును నా రాళ్ల మధ్య పోస్తే మెత్తగా ఆడించి ఉందును, అంత కోపం వచ్చింది నాకు. కానీ ఎవరూ మీట నొక్కలేదు.

ఓదెలు నన్ను మంథని తీసుకుపోయాడు. నడపడం చేతకాదు, అడగడానికి నామోషీ. గింజ పోయకుండా తిప్పితే రాయిని రాయి తింటుందని సమ్మక్కకు తెలుసు, ఆయనకు తెలియదు. వట్టి రాళ్లు తిప్పీ తిప్పీ పగలగొట్టాడు. ముందు మోటారు అమ్మాడు, తర్వాత నన్ను తూకానికి ఇచ్చేశాడు.

నిన్న మధ్యాహ్నం సమ్మక్క ఈ కొట్టుకు వచ్చింది. ఇప్పుడు బీడీలు చుట్టి కిస్తీలు కడుతోందట. వేళ్లకు తంబాకు వాసన.

“గీ గిర్నీ ఎంతకిస్తవన్నా?”

“మోటర్ లేదక్కా, రాళ్లు పలిగినయ్. ఏం జేసుకుంటవ్?”

ఆమె అలవాటు కొద్దీ, గింజలు పోసే నా డబ్బాను కొంగుతో తుడిచింది. మూలల్లో ఎవరూ కడగని పాత కారం ఉంది. “గొంతు గూడ కడుగలేదు సచ్చినోడు,” అని నన్ను పట్టుకుని ఏడ్చింది. మొగుడు విడిచిపోయిననాడు కూడా అలా ఏడవలేదు.

“సమ్మక్కా! కిస్తీకి యాళ్లయితాంది, జెల్ది రా!” అని రోడ్డు మీంచి సంఘం ఆమె పిలిచింది. సమ్మక్క కళ్లు తుడుచుకుని, కొంగుముడి తడిమి చూసుకుని వెళ్లిపోయింది.

రేపు నన్ను సుత్తెలతో పగలగొట్టి కొలిమికి పంపుతారట. నేను కరిగి ఇంకేదో అయిపోతాను. నా ధర మాత్రం ఆమె కడుతూనే ఉంటుంది.