షంసా వేసిన గడియ

ఒమాన్ తీరంలోని ఆ పల్లెలో, చనిపోయినవాళ్ళు తమవాళ్ళను పిలవడానికి వస్తారంటే నవ్వేవాళ్ళు లేరు. పిలుపు విన్నవాణ్ణి గడప దాటనివ్వకూడదు. గడియ పెట్టి, సాంబ్రాణి వేసి, వచ్చినవాడు విసిగిపోయేదాకా కాచుకోవాలి. షంసా తన పెద్దకొడుకు ఖల్ఫాన్‌ను అలాగే కాచింది. కాలికి పడవ మేకు గుచ్చుకున్న నాలుగైదు రోజులకే వాడు గోడవైపు తిరిగి, సముద్రంలో పోయిన తండ్రితో మాట్లాడుతూ మాట్లాడుతూ పోయాడు. తండ్రే వచ్చి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళాడని అనుకున్నాకే ఆమెకు మళ్ళీ ముద్ద దిగింది.

ఇప్పుడు అదే గదిలో చిన్నకొడుకు హుమైద్. వల దులుపుతుంటే అరచేతిలో జెల్ల చేప ముల్లు దిగింది. చెయ్యి వాచింది, నిన్నంతా వణికాడు. ఈ పొద్దున మాట మారింది.

"అన్నా, తాడు వదలకు" అంటున్నాడు గోడతో.

షంసా సాంబ్రాణి వేసి గడియ పెట్టింది.

"అత్తా, ఈయన ఊపిరి చూడు" అంది కోడలు రయ్యా. "పడుకున్న మనిషికి పరిగెత్తొచ్చినంత ఆయాసమేంటి? పొద్దున్నుంచి ఒంటికి కూడా పోలేదు."

"ఒళ్ళేమైనా కాలుతోందా? చల్లగా ఉంది. జ్వరం లేని రోగమేంటే? వాడన్న వచ్చాడు."

"వచ్చినాయన్ని కూర్చోబెట్టి కాఫీ పొయ్యి. నేను అంబులెన్సుకి ఫోన్ చేశా."

షంసా తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కాసేపటికి బయట బండి ఆగింది. ఎవరో తలుపు తట్టారు. హుమైద్ నవ్వాడు.

"అన్నొచ్చాడు. తలుపు తియ్యమ్మా."

షంసా గడియను రెండు చేతులా అదిమి పట్టుకుంది. రయ్యా మొగుడి మీది దుప్పటి తీసింది. మోకాళ్ళ మీద వల గళ్ళలా ఊదారంగు మచ్చలు.

"బావకీ ఇలాగే వచ్చాయా అత్తా?"

"వచ్చాయి."

"నువ్వు కాచావుగా. బతికాడా?"

ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. షంసా గడియ తీసింది.

అంబులెన్సు మనిషి హుమైద్ వేలిగోరు నొక్కి వదిలాడు. పాలిపోయిన గోరుకి రంగు తొందరగా తిరిగి రాలేదు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి, సెప్సిస్ కేసు తెస్తున్నానని చెప్పాడు.

"గాయం నుంచి ఒళ్ళంతా విషమెక్కిందమ్మా" అన్నాడు స్ట్రెచర్ ఎత్తుతూ. "ఒళ్ళు కాలకపోతే ఏం లేదనుకుంటారు. ఇలా చల్లబడి, ఆయాసపడుతూ, మతి తప్పి మాట్లాడితేనే నాకు భయం."

హుమైద్ బతికాడు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి చేపల పులుసు అడిగాడట. ఆ కబురు మోసుకొచ్చిన ఇరుగుపొరుగంతా షంసాను అదృష్టవంతురాలన్నారు. ఆమె అందరికీ ఖర్జూరాలు పెట్టి పంపి, ఆ గదిలోకి వెళ్ళి కూర్చుంది. సాంబ్రాణి వెయ్యలేదు.

ఖల్ఫాన్‌కీ అదే ఆయాసం, అవే మోకాళ్ళు. ఆ రోజు వాడి తండ్రి రాలేదు. ఎవరూ రాలేదు. గదిలో ఉన్నది తను, తన బిడ్డ. గడియ పెట్టింది తను.