నా పేరుతో వెళ్లిన మెయిల్

ఆర్‌ఎన్‌ఏ ఎలా మడుచుకుంటుందో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో నూటయాభై మందికి చెప్పి ఇంటికొచ్చి, ఆరిన బట్టలు మడుస్తుంటే మా ఆయన కేదార్ అనే మాట ఒకటుంది. "చూశావా సుమా, నీ ఎమ్మెస్సీ ఎలా పనికొస్తోందో!" అత్తగారు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.

ఒంటిపోగుగా పుట్టిన ఆర్‌ఎన్‌ఏ ఊరికే ఉండదు. తన మీదికి తానే వంగి, జత కుదిరిన చోటల్లా అతుక్కుని ఒక ఆకారానికొస్తుంది. ఆ ఆకారాన్ని బట్టే అది ఏం చేయగలదో తేలుతుంది. ఒక్కోసారి తప్పుగా మడుచుకుని అలాగే ఇరుక్కుపోతుంది కూడా. ఎమ్మెస్సీలో అలాంటి ఒకదాని ఆకారాన్ని కంప్యూటర్ తప్పుగా గీస్తే నేను పెన్సిల్‌తో సరిచేశాను. మా ప్రొఫెసర్ హనుమత్ప్రసాద్ గారు ఆ కాగితాన్ని ల్యాబ్ గోడకి అంటించుకున్నారు. మూడేళ్ల కిందట ఆయన దగ్గరే పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చాను. కబురు రాలేదు. కోచింగ్ సెంటర్‌కి వెళ్లడానికి పంజాగుట్టలో మెట్రో ఎక్కిన ప్రతిసారీ, నేను పనికిరాలేదు అనుకునేదాన్ని.

మొన్న నా స్టూడెంట్ యశస్విని స్వీట్ బాక్స్‌తో వచ్చింది. తనకి అదే ల్యాబులో పీహెచ్‌డీ సీటు వచ్చిందట.

"మేడం, సార్ మీరు గీసిన బొమ్మ జూపెట్టిండు. గంత మంచి సీటిస్తే మీరే వద్దన్నరంట గదా? మెయిల్ సుత పెట్టిన్రంట!"

ఇంటికెళ్లి అడిగాను. కేదార్ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"నేనే పెట్టాను. అప్పుడు బాబుకి ఏడాది. నువ్వెలాగూ వద్దని చెప్పలేవు. వాళ్ల మెయిల్ నీ కంట పడకముందే తీసేసి, ఆసక్తి లేదని నీ పేరుతో మర్యాదగా రాశాను. ఇప్పుడేంటి?"

"పనికిరానని నేను ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"ఏడిచినా ఏ పూటా వంట మానలేదులే," అన్నారు అత్తగారు. ఆవిడకీ తెలుసన్నమాట.

ప్రొఫెసర్ గారికి జరిగింది జరిగినట్టు రాశాను. రెండు రోజుల తర్వాత వంటింట్లో దోసెలు పోస్తుంటే హాల్లోంచి కేదార్ గొంతు.

"సుమా, మీ సార్ రాశాడు. ఫెలోషిప్‌కి వయసు దాటిపోయిందట. ప్రాజెక్టు అసిస్టెంట్‌గా రమ్మంటున్నాడు, యశస్విని చెప్పిన పని చెయ్యాలట. నీ స్టూడెంట్ దగ్గర గాజు గొట్టాలు కడుగుతావా?"

నా మెయిల్ ఇంకా అతని ఫోన్లో తెరుచుకుంటుందని అప్పుడే తెలిసింది.

స్టవ్ ఆపేశాను. అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, అక్కడే నిలబడి జవాబు రాశాను: సోమవారం వస్తున్నాను. పాస్‌వర్డ్ మార్చి, నా అకౌంట్ అందులోంచి తీసేశాను.

"మరి బాబునెవరు చూస్తారు?" అన్నాడు.

"వాడి నాన్న," అన్నాను, ఫోన్ తిరిగిస్తూ.