గీత మీద ఎగరని విమానం

మోకాలి ఆపరేషనయి మూడు నెలలైనా తిరక్కుండానే అత్తగారు కూతురి కాన్పుకి సముద్రాలు దాటి వెళ్లాల్సి వచ్చింది. తోడెవరు వెళ్లాలన్న మాట రాగానే కొడుక్కి సెలవులు లేకుండా పోయాయి. ఆఫీసులో రోడ్లకి నమూనాలు గీసే మనిషి. ఇక్కడి విమానాశ్రయం పేరూ అక్కడి విమానాశ్రయం పేరూ కంప్యూటర్లో కొడితే తెర మీద రెండు చుక్కలూ మధ్యన చక్కటి గీతా వచ్చాయి. దూరం ఇంత, ప్రయాణం తొమ్మిది గంటలు. ఒక్క నిద్ర తీసేలోపు దిగిపోతావమ్మా, డాక్టర్నీ అడిగాను, వెళ్లొచ్చన్నాడు అన్నాడు. ఆవిడ సరేనంది. కొడుకు చెప్పాక సరేననడం ఆవిడకి అలవాటు.

చక్రాల కుర్చీ సంగతి అడుగుదామని కోడలు విమానం వాళ్లకి ఫోను చేసింది. అవతలి అమ్మాయి మర్యాదగా, కుర్చీ మొదటి విమానానికా, రెండోదానికా, రెంటికీనా అని అడిగింది. మొదటిది ఎటో పక్కకి పోయి మూడో ఊళ్లో దింపుతుందట. అక్కడ బస్సెక్కి ఇంకో భవనానికి వెళ్లి, పడిగాపులు పడి రెండోది ఎక్కాలట. సూటిగా వెళ్లే విమానం అసలు ఏ కంపెనీకీ లేదట. అంతా కలిపి ఇరవై రెండు గంటలు. ఈలోగా పాలు పొంగి పొయ్యంతా పారాయి. తుడుస్తున్నకొద్దీ ఆమెకి కోపం పెరిగింది.

సాయంత్రం భర్త బూట్లు విప్పకముందే నిలదీసింది. అతను నొచ్చుకున్నాడు. రెండు విమానాలని టికెట్టు కొన్నప్పుడే తెలుసుననీ, కానీ తను చెప్పింది దూరానికి పట్టే సమయమనీ, మధ్యలో ఊరికే కూర్చోవడం అందులోకి రాదనీ వివరించాడు.

"మరి డాక్టరుకి ఏం చెప్పారు?"

అతను బూటు తాడు ముడి విప్పడంలో మునిగిపోయాడు.

"తొమ్మిది గంటలనేనా?"

"ప్రయాణం ఎంతసేపన్నాడు. చూసింది చెప్పాను."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాల్లో రక్తం గడ్డకడుతుందనీ, తొమ్మిది గంటలే అయితే మధ్యమధ్య లేచి నడుస్తూ వెళ్లొచ్చనీ డాక్టరు అన్నాడు. ఆయన వెళ్లొచ్చన్నది ఈయనగారి గీతకి. అత్తగారి కాలికి కాదు.

"ఆ గీత మీద ఎగిరే విమానం ఒక్కటి చూపించండి, నోరు మూసుకుంటాను. మీ రోడ్డుకైతే మధ్యలో చెరువుందా, గుట్టుందా అని చూసి మరీ గీస్తారు. మీ అమ్మకి చూడక్కర్లేదా?"

అతను తల్లి వైపు చూశాడు, ఎప్పటి సరే కోసం. ఆవిడ ఎదుటి కుర్చీ మీదికి కాలు చాపుకుని బటానీలు ఒలుస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"రేపు డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఈసారి నేనే చెప్తాను. ఆయన వెళ్లమంటేనే వెళ్తాను, అదీ ఒంటరిగా కాదు."

కొడుకు నిట్టూర్చాడు. సెలవు అడిగి చూస్తాన్లే అని గొణిగాడు.

"అడుగు. ఇంట్లో ఉండి నువ్వే పిల్లల్ని బడికి పంపాలి, వంట చూసుకోవాలి. నాతో నీ పెళ్లాం వస్తుంది."

కోడలు ఈ మాట ఊహించలేదు. అతను అసలే ఊహించలేదు.

"అన్ని రోజులు నేనొక్కణ్ణేనా?"

"ఎన్ని రోజులో కంప్యూటర్లో కొట్టి చూసుకోండి," అని కోడలు మాడిన పాలగిన్నె తెచ్చి అతని ముందు పెట్టింది.