గాలికి బదులు రోజులు

నేను ఒక గాలి వ్యాపారిని. సంచిలోని గాలి నేను తీసుకుంటాను, దానికి బదులు మీకు కొన్ని రోజులు ఇస్తాను. నా బేరమంతా ఇంతే. నన్ను వాక్యూమ్ సీలర్ అంటారు. అప్పడాల కర్రంత పొడవు, ఇటుకంత ఎత్తు. మూత కింద రబ్బరు పట్టీలు, వాటి ముందు వేడెక్కే తీగ, కడుపులో చిన్న పంపు. సంచి మూతి నా నోట్లో పెట్టి మూత నొక్కితే బుర్రుమని గాలి లాగేసి, తీగతో మూతి అతికిస్తాను. ఎర్రదీపం ఆరిందంటే నా వంతు పని అయినట్టు. ఆ తరవాత సంచిని ఫ్రిజ్‌లో పెట్టుకోవటం మీ వంతు.

నన్ను పనికిరానిదన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికీ నేను తల వంచలేదు. ఒప్పుకున్న సరుకు ఒప్పుకున్నట్టు అప్పజెప్పేవాడు ఎవరికైనా ఎందుకు తల వంచాలి?

పుట్టింది ఒక ఫ్యాక్టరీలో. అక్కడ చివరి బల్ల దగ్గర ఒకమ్మాయి నా చేత ఒక సంచి బిగింపించి, దాన్ని నీళ్ళ తొట్టిలో ముంచి చూసింది. ఒక్క బుడగ రాలేదు. అప్పుడే నన్ను అట్టపెట్టెలో పెట్టారు. నా జాతకం అదే. వేరే జాతకం నేను రాయించుకోలేదు.

మొదట నన్ను కొన్నది రాజమండ్రిలో ఒక అపార్ట్‌మెంటు ఇల్లాలు, సుగుణగారు. బ్యాంకులో పని. ఇంట్లో ఏ వస్తువు పాడైనా ఆవిడకు నిద్ర పట్టదు. నేను వచ్చిన వారంలోనే ఆ ఇంట్లో సంచిలోకి ఎక్కనిది లేదు. కందిపొడి పెట్టింది. పొడి నా పంపులోకి వచ్చి, ఆ తరవాత చాలాకాలం నేను తుమ్ముతూనే పనిచేశాను. ఆడపడుచుకు పంపుదామని పూతరేకులు పెట్టింది. పూతరేకులో ఉన్నదే గాలి. అది తీసేస్తే మిగిలేది నెయ్యి రాసిన ఉండ. ఇడ్లీపిండి బిగించి గట్టుమీద ఉంచింది. పొంగటమే పనిగా పెట్టుకున్న పిండికి నాతో ఏం పని? సంచి బెలూనులా ఉబ్బి, పగిలి, గోడకు తెల్లరంగు వేసింది. చివరికి కోడికూర బిగించి, గాలి లేదు కదా ఇంక చల్లదనం ఎందుకని బయటే వదిలేసింది. గాలి లేకపోయినా బతకగల క్రిములు లోకంలో ఉన్నాయి. నాతో వచ్చిన కాగితంలో ఆ ముక్క రాసే ఉంది. అది చదివినవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

కూర పారబోస్తుంటే భర్త అన్నాడు: "నీ మిషను గాలి బానే తీస్తోంది సుగుణా. మన పరువులోంచి కూడా."

"కంపెనీ మోసం చేసింది," అంది ఆవిడ. నన్ను అటక ఎక్కించింది.

ఏం మోసం? చెప్పిన గాలి తియ్యలేదా? అటక మీద పాత కుక్కరు పక్కన పడుకుని నేను ఏడవలేదు. పనిలేని వ్యాపారి దుకాణం మూసుకోడు, దుమ్ము దులుపుకుని కూర్చుంటాడు. నాకు దులుపుకునే చేతులు లేవు, కాబట్టి ఊరికే కూర్చున్నాను.

అటక దింపింది పనసకాయ.

రైతుబజారులో వీరవేణి అనే ఆవిడ పనసపొట్టు కొట్టి అమ్మేది. మీలో పొట్టు కొట్టటం చూడనివాళ్ళు ఉంటే చెబుతాను. పచ్చి పనసకాయ చెక్కు తీసి, చేతికీ కత్తికీ నూనె రాసుకుని, కాయను ఒడిలో నిలబెట్టి టకటకా గాట్లు కొడతారు. ఆ గాట్లమీద చెక్కేస్తే సన్నటి పొట్టు రాలుతుంది. ఆవపెట్టి వండిన ఆ కూర లేని పెళ్ళి గోదావరి జిల్లాల్లో పెళ్ళి కాదు. కానీ కొట్టిన పొట్టుకు ఒక జబ్బుంది. గాలి తగిలితే నల్లబడుతుంది. పొద్దున్న కొట్టింది మధ్యాహ్నానికి మొహం మాడ్చుకుంటుంది.

ఆ ఆదివారం సుగుణగారు పొట్టు కొట్టించుకుంటూ, వీరవేణి మణికట్టుకు కట్టిన గుడ్డ చూసింది.

"ఏమైంది చేతికి?"

"వాచిందండి. పెళ్ళి ఆర్డరొచ్చిందంటే కాయలన్నీ ఒక్క పొద్దున్నే కొట్టాలి కదండి. ముందురోజు కొడితే నల్లబడి చస్తది. ఈ చెయ్యి ఇంక ఊరుకోనంటందండి."

"మా ఇంట్లో ఒక మిషనుంది. సంచిలో గాలి లాగేస్తుంది. నాకు కలిసిరాలేదు."

కత్తి ఆగింది. "గాలి లాగేత్తే నల్లబడదాండి?"

"కాగితంలో అలాగే రాశారు."

"అయితే నాకిచ్చెయ్యండి. బదులు రెండు కాయల పొట్టు ఊరికే కొట్టిస్తాను."

"మూడు," అంది సుగుణగారు. బ్యాంకు మనిషి.

"మూడోది చిన్నకాయండి మరి."

అలా నేను చేతులు మారాను. చిన్నకాయకు మారానని నాకు చిన్నతనం లేదు. నేను ఏం చేస్తానో అడగకుండా సుగుణగారు నన్ను కొన్నది. వీరవేణి ముందు ఆ ప్రశ్న అడిగి తరవాత కొన్నది. వ్యాపారంలో ఈ రెండో రకం గిరాకీ దొరకటమే అదృష్టం.

వీరవేణి లెక్క సూటిగా ఉంది. పెళ్ళిళ్ళ వంటలకు పేరున్న సోమయాజులుగారు ఏళ్ళ తరబడి పొట్టు ఆవిడ దగ్గరే తీసుకునేవాడు. ఆయన పెళ్ళిళ్ళు పెద్దవవుతున్నాయి, ఆవిడ చెయ్యి చిన్నదవుతోంది. ఈమధ్య ఎవరో గ్రైండరులో వేసిన పొట్టు చవకగా ఇస్తామని ఆయన వెంట తిరుగుతున్నారు. ఆయన చేజారితే పెళ్ళిళ్ళ సీజను చేజారినట్టే, ఆ ఇంటికి ఏడాదంతా ఆధారం ఆ సీజనే. అదే పొట్టు మూడురోజుల ముందు నుంచి కొంచెం కొంచెం కొట్టి, తెల్లగా నిలవ ఉంచగలిగితే చెయ్యీ నిలుస్తుంది, ఆయనా నిలుస్తాడు.

ఇంట్లో ఇంకో మనిషి ఉంది. అత్తగారు అప్పలనరసమ్మ. నలభై ఏళ్ళుగా ఆకుకూరలు అమ్ముతోంది. మెడలో నల్లతాడు, దానికొక పిన్నీసు. నన్ను చూడగానే వేలితో పొడిచి చూసింది.

"ఇదేంటే వేణీ, హార్మోనియం పెట్టె తెచ్చావు?"

"గాలి లాగుద్దత్తా. పొట్టు నల్లబడదు."

"గాలి లేకపోతే ఏది బతుకుద్దే? నువ్వు బతుకుతావా?" అని తోటకూర కట్టలు తడుపుకోవటానికి వెళ్ళిపోయింది.

వీరవేణి మాత్రం పద్ధతైన మనిషి. పొట్టు కొట్టి, పొడిగుడ్డలో పిండి తడి తీసి, సంచి మూతి తుడిచి నా నోట్లో పెట్టింది. నేను గాలి లాగాను. సంచి పొట్టును కరుచుకుని రాయిలా బిగిసింది. సంచులన్నీ ఫ్రిజ్‌లో పెట్టి, రెండోనాడు ఒకటి మచ్చుకు తీసుకుని సోమయాజులుగారి దగ్గరికి వెళ్ళింది.

తిరిగొచ్చినప్పుడు ఆవిడ మొహం, చేతిలోని పొట్టు ఒకే రంగులో ఉన్నాయి. సంచి వదులైపోయింది. పొట్టు నల్లబడింది. ఆయన అన్న మాట గుమ్మంలోనే అత్తగారికి చెప్పింది: "'ఏవిటే వేణీ, పనసపొట్టు తెమ్మంటే బొగ్గులు తెచ్చావు? ఇది వండితే పెళ్ళివారు నన్ను విస్తట్లో పెట్టి కడతారు' అన్నారత్తా."

మిగతా సంచులు తీసి చూసింది. అన్నీ వదులే. పక్కింటివాడు వచ్చి నా నోరు తెరిచి రబ్బరు పోయిందన్నాడు. అప్పలనరసమ్మ పాతసామాన్లవాడికి వెయ్యమంది. వీరవేణి నన్ను బల్లమీంచి నేలమీదికి దించింది.

నాకు నోరుంది గాని మాటలేదు. ఉంటే ఒక్కటే అడిగేవాణ్ణి: నేను బిగించిన మూతి ఎక్కడ విడిపోయిందో చూపించండి. అతుకు అతుకులాగే ఉంది. ఎవరూ అతుకు చూడలేదు. సరుకు చెడితే పెట్టె మీద పడటం మనుషులకు తేలిక. పెట్టెకు బంధువులు ఉండరు.

మర్నాడు నల్లబడ్డ సంచులు పారేద్దామని వీరవేణి ఫ్రిజ్ ఖాళీ చేసింది. వెనకగోడకు, మంచు పేరుకున్న చోట, ఒక సంచి అతుక్కుపోయి ఉంది. అట్లకాడతో ఊడదీసింది. రాయిలా ఉంది. లోపల పొట్టు కొట్టినప్పుడు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగా ఉంది.

తరవాత ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, వదులైన సంచి ఒకటి ముంచి, సైకిలు ట్యూబుకు పంక్చరు చూసినట్టు నొక్కింది. కింది మూలనుంచి సన్నగా, వరసగా బుడగలు వచ్చాయి. ఇంకో సంచి ముంచింది. అదే మూల. ఇంకోటి. అదే మూల, సూదిమొనంత కన్నం.

నా అతుకు దగ్గర ఒక్క బుడగ లేదు. చూశారా? ఫ్యాక్టరీ తొట్టిలో చెప్పిన మాటే ఇత్తడి పళ్ళెంలోనూ చెప్పాను.

"ఎలకేమో అత్తా," అంది వీరవేణి. "ఫ్రిజ్‌లోకి ఎలక ఎలా వచ్చిందో!"

"ఎలకేంటే? నేనే పొడిచాను." అప్పలనరసమ్మ గోంగూర ఆకులు తుంచుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "అన్నీ పొడిచాను. అదొక్కటి ఎనకాల దాక్కుంది కాబోలు."

"నువ్వా? ఎందుకత్తా!"

"ఊపిరాడద్దా? పచ్చి సరుకు కవర్లో బిగించేత్తే చెమటలు పట్టి కుళ్ళిపోద్ది. నలభై ఏళ్ళనుంచి ఏ కవరు కనపడినా ముందు కన్నం పొడుత్తాను. నీ మొగుడు బళ్ళోకి అన్నం కవర్లో పట్టికెళ్తే దానిక్కూడా పొడిచాను."

"ఆ కవర్లో పులుసుందని ఆయన ఇప్పటికీ చెబుతారు."

"పులుసుంటే డబ్బాలో పట్టికెళ్ళాలి. నా తప్పేంటి?"

వీరవేణికి కోపం రావాలి. నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "అత్తా, గాలి పీల్చెయ్యడానికే కదా మూడుకాయలు పోసి దీన్ని తెచ్చాను. నువ్వు పిన్నీసుతో మళ్ళీ గాలి పోశావు."

ఇక్కడ నేను న్యాయం మాట్లాడతాను. తోటకూర విషయంలో ముసలావిడ లెక్కే సరి. వేరుతో పెరికిన ఆకు కట్టలో కూడా ఊపిరి పీలుస్తూ ఉంటుంది. దాన్ని నాకిస్తే చంపేస్తాను. కొట్టిన పొట్టుకు మాత్రం గాలే శత్రువు. ఆవిడకు తెలిసింది నిజమే, కానీ ఒక గంపలో నిజాన్ని ఇంకో గంపలో పోసింది.

తెల్లపొట్టు సంచి పట్టుకుని వీరవేణి మళ్ళీ సోమయాజులుగారి దగ్గరికి వెళ్ళింది. నిన్న నల్లది, ఇవాళ తెల్లదా, రేపు ఏ రంగు తెస్తావని ఆయన వెటకారం చేశాడట. చివరికి ఒక మాట ఇచ్చాడట: "శుక్రవారం పెళ్ళికి తీసుకురా. తెల్లగా ఉందా, వండుతాను. లేదా, బీరకాయ వండుకుంటాను. మళ్ళీ నా గడప తొక్కకు."

మంగళవారం నుంచి మొదలుపెట్టారు. రోజుకు కొన్ని కాయలు. వీరవేణి కొడుతుంది, నొప్పి వచ్చినప్పుడు ఆగుతుంది, మళ్ళీ కొడుతుంది. అప్పలనరసమ్మ చేతులు ఊరుకోవని తెలిసి కోడలు ఆవిడకో పని అప్పగించింది: సంచి మూతి ముడతలు లేకుండా నా నోట్లో పట్టుకోవటం. ఊపిరి తియ్యటానికి ఆవిడ చెయ్యే సాయం. మొదటి సంచి బిగుసుకుంటుంటే ఆవిడ తన గుండెమీద చెయ్యి వేసుకుంది.

వరసగా పనిచేసి నా తీగ కాగిపోయింది. పైనున్న పట్టీ నుంచి కమురు వాసన వచ్చింది. ఇంకా గంపనిండా పొట్టుంది. ఆగిపోతే పాడైందంటారు, అతుకు వదిలినా పాడైందంటారు. నేను ఆ రెండూ చెయ్యలేదు. కాగుతూనే అతికించాను.

"కాసేపాగవే," అంది అత్తగారు. "దాని నోరు కాలిపోతంది. అదేమన్నా మనిషా, ఊరికే చాకిరీ చెయ్యడానికి?"

శుక్రవారం పొద్దున్నే ఆటోలో సంచులు, ఇద్దరు ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య నేను. దారిలో ఏ సంచైనా వదులైతే అక్కడే మళ్ళీ బిగిద్దామని నన్ను వెంట తీసుకెళ్ళారు. ఒక్కటీ వదులవలేదు.

కల్యాణమండపం వెనకాల గాడిపొయ్యి దగ్గర సోమయాజులుగారు సంచి నొక్కి చూశాడు. కత్తిరించాడు. పొట్టు చేతిలోకి తీసుకుని వాసన చూసి, వెలుగులో పెట్టి చూశాడు. మొహం చిట్లించాడు.

"ఇది ఇవాళ కొట్టింది."

"కాదండి, మంగళవారం కొట్టిందండి."

"నాకా చెబుతున్నావు? నా తల పొయ్యి దగ్గరే నెరిసింది. ఇంత తెలుపు ఇవాళ కొడితేనే ఉంటుంది. అబద్ధం ఎందుకే?"

సరుకు చెడితే నమ్మారు, బాగుంటే నమ్మరు. మనుషుల తక్కెడ ఇలాగే ఉంటుంది. ఆయన ఇవాళ కొట్టిందే అనుకుంటే వచ్చే పెళ్ళికీ ఒక్క పొద్దున్నే అంతా కొట్టమంటాడు, ఆ చెయ్యి మళ్ళీ మొదటికి వస్తుంది.

అప్పుడు అప్పలనరసమ్మ ముందుకొచ్చింది. నల్లతాడు పిన్నీసు ఊడదీసి, పక్కనున్న సంచి మూలలో కస్సున పొడిచింది. సంచి ఊపిరి పీల్చుకుని వదులైంది.

"ఆయ్, ఇది అక్కడ పెట్టండి బాబుగారూ. పొడవనిది దాని పక్కనెట్టండి. మీరు తాలింపులు ముగించి రండి. ఏది నల్లబడ్డదో మీరే చెప్పండి."

అప్పడాలు వేగాయి, పులిహోర కలిపారు. ఆయన వచ్చి చూసేసరికి పొడిచిన సంచి మూల నుంచి గోధుమరంగు పాకుతోంది. పక్కది మల్లెపువ్వులా ఉంది. ఆయన రెండిటినీ చూశాడు, పిన్నీసును చూశాడు.

"ఆ పిన్నీసుకీ పొట్టుకీ సంబంధం ఏవిటే?"

"పెద్ద కథండి," అంది వీరవేణి. "ముందు పోపు వెయ్యండి."

ఆవపెట్టిన కూర రెండోసారి అడిగి వడ్డించుకున్నారు పెళ్ళివారు. సీజనంతా పొట్టు ఆవిడదేనని ఆయన అక్కడే చెప్పేశాడు. వెళ్తూ వెళ్తూ "ఎంతైనా వేణి చేతి మహిమ" అన్నాడు. నా పేరు ఎత్తలేదు. ఎత్తకపోతేనేం? నేను పొగడ్త బేరం చెయ్యను, గాలి బేరం చేస్తాను.

ఇప్పుడు నా మూత గొళ్ళెం ఒకటి విరిగింది. బిగించేటప్పుడు పైన పచ్చడిబండ పెడతారు. తీగ పట్టీ నల్లగా మాడింది. మొన్న పాతసామాన్లవాడు గుమ్మంలో ఆగి, "ఆ పెట్టె పాడైందా మామ్మా, వేసేస్తావా?" అన్నాడు.

"పాడైందని ఎవడన్నాడ్రా? నోట్లో ఏలెట్టి చూడు," అంది అప్పలనరసమ్మ. వాడు పెట్టలేదు. తెలివైనవాడు.

మీలో కూడా నన్ను పనికిరానిదనేవాళ్ళు ఉండొచ్చు. రండి. పళ్ళెంలో నీళ్ళు తెచ్చుకోండి. నేను బిగించిన సంచి ముంచి నొక్కండి. బుడగ వచ్చిందా? అయితే నన్ను ఒక్క మాట అనేముందు, మీ ఇంట్లో పిన్నీసు ఎవరి మెడలో ఉందో అడిగి రండి.