జవాబు రాకముందే

బాలరాజుకు ప్రశ్నలు అడగడమంటే సరదా. జవాబు వినడం దగ్గరికి వచ్చేసరికి ఓపిక ఉండేది కాదు. "బాగున్నవా అక్కా?" అని అడిగి, ఆ అక్క నోరు తెరిచేలోగా గేటు దాటి వెళ్ళిపోయే రకం. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు కూడా అంతే. లెక్చరర్‌ను సందేహం అడిగేవాడు, ఆయన బోర్డు వైపు తిరగ్గానే పక్కవాడితో క్రికెట్ కబుర్లు మొదలుపెట్టేవాడు. ఇదేమంత నేరం కాదు, లోకంలో సగం మంది ఇలాగే బతికేస్తున్నారు. కాకపోతే వాళ్ళెవరూ సాఫ్ట్‌వేర్ రాయరు. ఇతను రాశాడు.

చదువయ్యాక పేట్ బషీరాబాద్‌లో ఒక మేడ మీద నడిచే చిన్న కంపెనీలో చేరాడు. ఆ కంపెనీకి దొరికిన పెద్ద గిరాకీ మేడ్చల్ శ్రీనివాస్ రెడ్డి. ఆయన తాతలనాటి భూములు చాలావరకు వెంచర్లయ్యాయి, శామీర్‌పేట దగ్గరి ముక్క ఫంక్షన్ హాలయింది. ప్లాట్ల వ్యవహారం మేడ్చల్ ఆఫీసులో, పెళ్ళిళ్ళ బుకింగులు శామీర్‌పేట కౌంటర్లో. రెండింటికీ కలిపి మేడ్చల్‌లో ఒకటే సర్వర్. ప్లాట్లూ పెళ్ళిళ్ళూ అన్నీ అందులోని డేటాబేసులోనే ఉండేవి.

శామీర్‌పేట కౌంటర్లో కూర్చునే దుర్గాబాయిది అలియాబాద్. మౌస్ పట్టుకోవడం బాలరాజు దగ్గరే నేర్చుకుంది. అతను ఎప్పుడు వచ్చినా "తమ్మీ, చాయ్ తాగి పో" అని బలవంతం చేసేది. ఊళ్ళో ఆడవాళ్ళ పొదుపు సంఘానికి లీడర్ ఆమే. సంఘం పెట్టె తాళంచెవి ఆమె కొంగు ముడిలో ఉండేది. ఆ ముడిని అప్పుడప్పుడు తడిమి చూసుకోవడం ఆమెకు అలవాటు.

మొదట్లో ఒక చిక్కు వచ్చింది. మేడ్చల్‌లో ఎవరైనా ప్లాట్ల లిస్టు తీశారంటే, అది వచ్చేదాకా శామీర్‌పేట కౌంటర్ బిగుసుకుపోయేది. లగ్నపత్రిక చేతబట్టుకుని వచ్చిన పెద్దమనుషులు నిలబడి నిలబడి విసుక్కునేవారు. శ్రీనివాస్ రెడ్డి ఫోన్ చేసి బాలరాజును కడిగేశాడు.

అప్పుడు బాలరాజు కొత్త పద్ధతి పట్టాడు. పాత ప్రోగ్రాం డేటాబేసును ఒక మాట అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడేది. కొత్తది అడిగేసి ఊరుకోదు, వెంటనే ఇంకొకరి పని అందుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే చెప్పి పెడితే, వచ్చాక ఆ పని చేస్తుంది. ఇంటర్నెట్‌లో నాలుగు పేజీలు చదివి, ఐదో పేజీ చదవకుండానే రాసేశాడు. ఆ కొత్త పద్ధతిని శ్రీనివాస్ రెడ్డికి గొప్పగా వివరించాడు.

"గిర్నికి పోతే ఏం జేస్తం సార్? డబ్బ వరుసల పెట్టి, కూరగాయలు కొనుక్కోను పోతం. పిండి పట్టినంక గిర్నాయన పిలుస్తడు. గా డబ్బ దగ్గర్నే నిలబడితే దినమంత గాడనే ఖతం. మన సర్వర్ ఇగ ఎవ్వరి కోసం నిలబడదు."

"మస్తుగుంది పో," అన్నాడు శ్రీనివాస్ రెడ్డి. నిజంగానే బాగుంది. కౌంటర్ మళ్ళీ బిగుసుకుపోలేదు. బాలరాజు కాలర్ ఎగరేశాడు.

మరుసటి మాఘమాసంలో, మంచి ముహూర్తానికి ముందురోజు, ఆ ఫంక్షన్ హాలు వెనక రెండు వ్యాన్లు ఆగాయి. రెండింట్లోంచీ వంటవాళ్ళు దిగారు. ఒకళ్ళు గుండిగలు దించుతుంటే, "ఇది మా పొయ్యి" అంటూ రెండోవాళ్ళు కట్టెలు తెచ్చి పడేశారు. కాసేపటికి రెండు పెళ్ళిళ్ళ పెద్దలూ వచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ అదే హాలు, అదే రోజు, అదే దుర్గాబాయి ఇచ్చిన రసీదు. అరుపులు రాజీవ్ రహదారి దాకా వినిపించాయి. చివరికి ఒక పెళ్ళిని స్కూలు మైదానంలో షామియానా వేసి జరిపించాల్సి వచ్చింది. ఆ పెళ్ళికొడుకు తండ్రి శ్రీనివాస్ రెడ్డి ముఖం మీదే ఉమ్మినంత పని చేశాడు.

పెళ్ళిళ్ళయిన మధ్యాహ్నమే హాలు వరండాలో పంచాయితీ పెట్టారు. పదిమందీ చుట్టూ చేరారు. బాలరాజును పిలిపించి "మిషిని తప్పా, మనిషి తప్పా?" అని శ్రీనివాస్ రెడ్డి అడిగాడు.

"మిషిని తప్పు చెయ్యది సార్," అన్నాడు బాలరాజు. అనుమానం ఇసుమంతైనా లేదు. తన ఆఫీసులో ఎన్నోసార్లు పరీక్షించి చూశాడు. క్యాలెండర్‌లో తేదీ మీద నొక్కితే సర్వర్ డేటాబేసును అడుగుతుంది. అప్పటికే బుక్కయిన తేదీ అయితే గడి ఎర్రబడుతుంది, ఖాళీ అయితే తెల్లగానే ఉంటుంది. ఎర్ర గడి మీద రసీదు మీట పనిచేయదు. ఇంకేం కావాలి?

దుర్గాబాయి వైపు తిరిగాడు. ఆమె గోడకు ఆనుకుని, కొంగు ముడి గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కా, రసీదు మీట నొక్కినవా లేదా? గది చెప్పు."

"నొక్కిన తమ్మీ, గని..."

"ఇన్నరా సార్? నొక్కిందట."

"గని" తర్వాతి మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది. శ్రీనివాస్ రెడ్డి అప్పటికే నిప్పులు కక్కుతున్నాడు. "ఎవ్వని దగ్గర పైసలు తిని తేది ఇచ్చినవో గాని, రేపటి సంది ఈడ కనబడకు!" అన్నాడు. ఆమె శ్రీనివాస్ రెడ్డిని చూడలేదు, బాలరాజును చూసింది. ఏదో అంటాడని కాసేపు చూసింది. బాలరాజు అప్పటికే బండి తాళంచెవి వెతుక్కుంటున్నాడు.

తిన్నదన్న మాట ఆమెకంటే ముందే అలియాబాద్ చేరింది. హాలు దగ్గర తిన్న మనిషి సంఘం పెట్టె దగ్గర తినకుండా ఉంటుందా అని ఆడవాళ్ళు గుసగుసలాడారు. పెట్టె తాళంచెవి అడిగి తీసుకుని సంఘంలోని జంగమ్మకు ఇచ్చేశారు. ఇదంతా బాలరాజుకు తెలుసు, ఎవరో చెప్పారు. "అయ్యో పాపం" అనుకున్నాడు. అనుకుని మరిచిపోయాడు.

శ్రావణమాసం ముహూర్తాల కోసం జనం ఎగబడే రోజులు వచ్చాయి. కౌంటర్లోకి తీసుకున్న కొత్త మనిషి ఇంకా రాలేదు. పని చూపించడానికి వచ్చిన బాలరాజే ఆ ఉదయం దుర్గాబాయి కుర్చీలో కూర్చోవాల్సి వచ్చింది. కిటికీ అవతల మనుషులు ఒకరినొకరు తోసుకుంటున్నారు. "జల్దీ సార్, జల్దీ!" ఒకాయన తేదీ చెప్పాడు. బాలరాజు తేదీ మీద నొక్కాడు, గడి తెల్లగా ఉంది. మీట నొక్కాడు. ప్రింటర్ రసీదు కక్కింది.

అప్పుడు, తాపీగా, ఆ గడి ఎర్రబడింది.

 బాలరాజు రసీదు చింపేసి, ఆ పెద్దమనిషికి ఏదో సర్దిచెప్పి, మేడ్చల్‌కు ఫోన్ చేశాడు. అక్కడ ప్లాట్ల లిస్టు తీస్తున్నారట. డేటాబేసు ఆ పనిలో ఉంది కాబట్టి ఇతని ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది. జవాబు రానంతసేపూ సర్వర్ ఏమనుకుంటోంది? ఖాళీ అనుకుంటోంది. అలా అనుకోమని రాసింది ఎవరు? బాలరాజే. రసీదు ఇచ్చే పనిని జవాబు వచ్చాక చేయాల్సిన చోట పెట్టకుండా, ప్రశ్న అడిగిన వెంటనే చేసే చోట పెట్టాడు. తన ఆఫీసులో ప్లాట్ల లిస్టు తీసేవాళ్ళు లేరు గనక జవాబు రెప్పపాటులో వచ్చేది, తప్పు కంటపడలేదు. ఆనాడు దుర్గాబాయి నొక్కినప్పుడు కూడా గడి తెల్లగానే ఉంది. గిర్నిలో డబ్బా పెట్టి, పిండి పట్టకముందే డబ్బా ఎత్తుకొచ్చినవాడు తను. దొంగ పేరు ఆమెకు.

నిలువునా నీరైపోయాడు.  చుట్టూ ఉన్నవాళ్ళంతా తననే చూస్తున్నారనిపించింది. నిజానికి ఎవరూ చూడటం లేదు. వాళ్ళ తొందర వాళ్ళది.

ఆ సాయంత్రమే ప్రోగ్రాం సరిచేశాడు. నాలుగు వరుసలు ఇటునుంచి అటు జరిపితే సరిపోయింది. ఇంత చిన్న పని. ఎవరికీ చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. నిజం చెప్పాలంటే బాలరాజు కొన్నాళ్ళు అలాగే నోరు మూసుకుని ఉన్నాడు. ఉన్నాడు గాని, తిన్నది ఒంటికి పట్టలేదు. శామీర్‌పేట వెళ్ళినప్పుడల్లా ఆ కుర్చీ వైపు చూడలేక గోడల మీద సున్నం చూస్తూ మాట్లాడేవాడు. ఒకరోజు కౌంటర్ దగ్గర కొత్త మనిషి చిల్లర తక్కువిచ్చాడని "నువ్వు గూడ దుర్గాబాయి లెక్క చేసినవేంది?" అని ఒకతను అంటే అందరూ నవ్వారు. బాలరాజుకు తల కొట్టేసినట్టయింది.

నేరుగా శ్రీనివాస్ రెడ్డి దగ్గరికి వెళ్ళి, జరిగింది చెప్పేశాడు. ఆయన కణతలు రుద్దుకున్నాడు.

"అయిందేదో అయింది. ఇప్పుడు గీ ముచ్చట ఊరంత చెప్పుకుంట తిరుగుతవా? మన హాలు పేరు ఖరాబైతది. నీ కంపెని పేరు గూడ. ఊకో ఇగ."

"ఆమె పేరు ఖరాబైంది గద సార్."

"నీ ఇష్టం. నన్నైతే రమ్మనకు."

పొదుపు సంఘం మీటింగు రోజు కనుక్కుని బాలరాజు అలియాబాద్ వెళ్ళాడు. జంగమ్మ ఇంటి వాకిట్లో ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు, మధ్యలో ఇనప్పెట్టె. దుర్గాబాయి అందరికంటే వెనక, గడప దగ్గర కూర్చుంది. బాలరాజు చెప్పులు విప్పి, నిలబడే చెప్పాడు. 

"దుర్గక్క తప్పు లేదు. ఎవ్వరి దగ్గర ఏం తినలే. నేను రాసిన ప్రోగ్రామే తప్పు. జవాబు రాకముందే రసీదు ఇచ్చింది. నేను చూసుకోలే. పదిమంది ముంగట ఆమె మీదికి తోసిన."

 జంగమ్మ తన కొంగు ముడి విప్పి తాళంచెవి తీసి దుర్గాబాయి ముందు పెట్టింది. దుర్గాబాయి దాన్ని చూసింది. వెంటనే తీసుకోలేదు.

"అక్కా, నన్ను మాఫ్ చేస్తవా?" అని అడిగాడు బాలరాజు. అడిగాడు, చెప్పుల కోసం వెనక్కి తిరిగాడు. ఒక్క నిమిషం కూడా అక్కడ నిలబడలేనంత సిగ్గుగా ఉంది అతనికి.

"సారూ, ఆగుండ్రి," అంది దుర్గాబాయి.

ఆమె నోట "తమ్మీ" తప్ప ఇంకో పిలుపు అతను ఎన్నడూ వినలేదు. కాలు చెప్పులో దూరలేదు.

"గా దినం నొక్కిన, గని, అన్న గద. గని తర్వాత ఏం చెప్పబోయిన్నో ఎరికేనా?"

"ఎరికలే అక్కా."

"గడి తెల్లగనే ఉండె పటేలా, ఎట్లయిందో నాకు సమజ్ గాలే. నన్ను తిట్టుండ్రి గని పిల్లగాన్ని ఏమనకుండ్రి, కొత్తగ రాసిండు అని రెడ్డి సారుకు చెప్దామనుకున్న."

బాలరాజు తల ఎత్తలేకపోయాడు. 

దుర్గాబాయి తాళంచెవి తీసి కొంగున ముడి వేసుకుంది, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది.

"ఇప్పుడు మాఫ్ అడుగుతున్నరు. నాకు జర సోంచాయించుకునేది ఉన్నది. జవాబు దొరికినంక నేనే ఫోన్ చేస్త. గప్పటిదాంక ఈడ నిలబడకుండ్రి, మీ పని మీరు చేసుకోండ్రి."

ఆషాఢం వెళ్ళి శ్రావణం వచ్చింది, హాల్లో పెళ్ళిళ్ళు ఏ గొడవా లేకుండా జరిగాయి. ఫోన్ మోగినప్పుడల్లా బాలరాజు చేతిలో ఉన్న పని వదిలేసి ఎత్తుతున్నాడు. అవతలివాళ్ళు చెప్పేదంతా చివరిదాకా వింటున్నాడు. దుర్గాబాయి ఇంకా ఫోన్ చేయలేదు.