ఎవరి నొప్పి

ఇళ్లు మారేవాళ్ల బీరువాలు మోయడం ఆయన పని. ఒక మేడ దించి ఇంకో మేడ ఎక్కించేవాడు. తోటివాళ్లు ఆయన్ని ఏనుగనే పిలిచేవాళ్లు. ఆ పేరంటే ఆయనకు లోలోపల మహా ముచ్చట. అందుకే మెట్ల మధ్యలో గుండెను పట్టి పిండినట్టయిన రోజున ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చాక, ముఖం అలా ఉందేమని భార్య అడిగితే, "ఏం లేదు, గ్యాస్," అన్నాడు.

అన్న మరుక్షణం నొప్పి ఆయన్ని వదిలి ఆవిడకు పట్టుకుంది. దాచిన నొప్పి ఊరికే ఉండదు కదా, ఎవరి దగ్గర దాస్తే వాళ్లకే చేరుతుంది. ఆవిడ కుట్టుమిషను ఆపి, గుండెల మీద చెయ్యేసుకుని కాసేపు కూర్చుంది. తర్వాత మళ్లీ కర్టెన్లు కుట్టుకుంది. ఆయన చూశాడు. చూసి కూడా, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు.

ఇక అదే అలవాటైంది. రొప్పుతూ వచ్చేవాడు, ఆవిడ అడిగితే ఏం లేదనేవాడు, హాయిగా నిద్రపోయేవాడు. సిగ్గు లేక కాదు. పొద్దున్నే ఆవిడ పాలిపోయిన ముఖం చూడలేక గోడవైపు తిరిగి చొక్కా తొడుక్కునేవాడు. చెప్పేద్దామనుకున్న ప్రతిసారీ ఏనుగు అడ్డమొచ్చేది.

ఒకనాడు ఆవిడ మిషను మీదే ఒరిగిపోయింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయంది. తర్వాత మామూలుగా అడిగింది.

"ఈ నొప్పి మీది కాదమ్మా. ఇంట్లో 'ఏం లేదు, ఏం లేదు' అనేది ఎవరు?"

ఆవిడ భర్త వైపు చూడలేదు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. వార్డులో అందరూ చూస్తుండగా తనే చొక్కా గుండీలు విప్పుకుని, "నాది," అన్నాడు. ఆ మాటతో నొప్పి తన చోటికి తిరిగొచ్చేసింది. ఆయన మంచం కోడు పట్టుకుని కూలబడ్డాడు.

ఆ పూటే ఆయన్ని ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టారు. మణికట్టు దగ్గర సన్నటి గొట్టం ఎక్కించి గుండె దాకా పంపారు. పూడుకుపోయిన చోట చిన్న బెలూను ఉబ్బిస్తామని, ఆ కాసేపు నొప్పి వస్తే చెప్పాలని డాక్టరమ్మ ముందే చెప్పింది. వచ్చింది. బీరువా మీద పడ్డట్టే వచ్చింది. ఎలా ఉందని పక్కనున్న నర్సు అడిగింది. పాత మాటే నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల మరీ బక్కపలచగా ఉంది.

"నొప్పిగా ఉంది తల్లీ," అన్నాడు. "చాలా నొప్పిగా ఉంది." అంటూనే ఏడ్చాడు.

నొప్పి ఎవరి దగ్గరికీ పోలేదు. బెలూను దించి, నెత్తురు మళ్లీ పారాక అక్కడే అణిగిపోయింది.

మర్నాడు ఆవిడ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ముఖం తేటపడింది. ఆయన దుప్పటి అంచు చూస్తూ, నొప్పి తనదని ఆవిడకెప్పుడు తెలిసిందని అడిగాడు.

"మొదటి రోజే."

"మరి అడగలేదేం?"

"అడిగానుగా," అంది ఆవిడ. "రోజూ అడిగాను."

ఆయన దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. ఆవిడ దాన్ని తియ్యలేదు. అక్కణ్నుంచి లేవనూ లేదు.