ఆరని ఎనిమిదో నంబరు

నవోతాస్ ఊరి చేపల రేవు వెనక వీధిలో ఆదివారం ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. టాసియో బేకరీలోంచి ఉప్పు బన్నుల వాసన బయల్దేరుతుంది. చర్చి నుంచి వచ్చిన లూమింగ్ గౌను అంచు నడుముకు దోపుకుని, పీట వాల్చుకుని పద్నాలుగు జెర్సీలు ఉతకడానికి కూర్చుంటుంది. పద్నాలుగూ సార్డీన్ చేపల డబ్బాల కంపెనీ నడిపే బాస్కెట్‌బాల్ జట్టువే, ఆటగాడికి ఒకటి చొప్పున. అభిమానం కొద్దీ కొనుక్కున్న, ఎవరి ఒంటికీ తగలని జెర్సీలు వారం వారం ఎందుకు ఉతుకుతావని ఒకసారి ఎదురింటి నెనిటా అడిగింది. "వారమంతా వాళ్లు పరిగెత్తలేదా? చెమట పట్టదా?" అంది లూమింగ్. నెనిటా మళ్లీ అడగలేదు.

ఆవిడ ఆ జెర్సీలు ఆరేసే దండెం వల్ల వీధికి ఒక సదుపాయం ఉంది. జట్టు వదిలి వెళ్లబోయేవాడి జెర్సీ దాని మీద ఆరదు. ఎంత ఎండ కాసినా, ఎంత గట్టిగా పిండినా నీళ్లు కారుస్తూనే ఉంటుంది. వాడిని ఫలానా జట్టుకు ఇచ్చేశామని పేపర్లో పడ్డ గంటకల్లా పొడిగా ఆరిపోతుంది. లూమింగ్ దాన్ని తీసి మసిగుడ్డ చేసేస్తుంది. ఆటలు లేని వేసవి నెలల్లో, జట్లన్నీ ఆటగాళ్లని మార్చుకునే రోజుల్లో, చేపల గంపలవాళ్లు సైతం ఆ దండెం ముందు ఒక్క క్షణం ఆగి తడి చూసి పోతారు. పేపరువాళ్లకి తెలియకముందే ఈ వీధికి తెలుస్తుంది.

ఆ ఏడు జట్టు మళ్లీ అట్టడుగున నిలిచింది. ఏం చెయ్యాలో లూమింగ్‌కి వేళ్ల మీద ఉంది. నాలుగో నంబరువాడికి బంతి దొరికితే పక్కవాడు కనపడడు, వాడిని సాగనంపాలి. బుట్ట కింద నిలబడడానికి తాడిచెట్టంత మనిషి కావాలి. కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఏరుకునే డ్రాఫ్ట్‌లో వాడిని పట్టుకోవాలి. ఈ ముక్కలు గుమ్మంలో తను అమ్మే కూర కొనడానికి వచ్చినవాళ్లకీ, కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడికీ కూడా చెప్పింది. ఎనిమిదో నంబరు జోలికి మాత్రం ఎవరూ పోకూడదు.

ఎనిమిదో నంబరు సాంతో. జట్టుకి నాయకుడు. ముప్పై ఒక్క ఏళ్లలో జట్టు ఒక్కసారి కప్పు గెలిచిందంటే అది అతని చేతి చలవ. పద్దెనిమిదేళ్ల కిందట సమార్ దీవి నుంచి రబ్బరు చెప్పులతో వచ్చి టాసియో బేకరీ మేడ మీద గదిలో దిగాడు. వీధి పోటీల్లో ఆడే రోజుల్లో అతని చొక్కా ఉతికింది లూమింగే, చేప తలకాయ దాచిపెట్టి వేసిందీ లూమింగే. ఇప్పుడు అతనికి ముప్పై అయిదు, మోకాలు మాట వినడం లేదు. అయినా సాంతో ఈ జట్టు చొక్కాలోనే ఆట ముగించాలి. లేకపోతే జట్టుతో తనకు సంబంధం లేదని ఆవిడ ఏనాడో చెప్పేసింది.

మే నెల మొదటి ఆదివారం, పది గంటలకల్లా పదమూడు జెర్సీలు అప్పడాల్లా ఆరాయి. ఎనిమిదో నంబరు మాత్రం మిట్టమధ్యాహ్నం దాకా టప్ టప్ మంటూనే ఉంది.

వీధంతా వచ్చి చూసింది. సరిగ్గా పిండలేదేమో అంది నెనిటా. లూమింగ్ పిండింది. నెనిటా ఒక కొస, లూమింగ్ ఒక కొస పట్టుకుని మెలితిప్పి పిండారు. అయినా కారింది. అసలు ఆరబెట్టగలిగితే సాంతో వెళ్లడేమో అన్న ఆలోచన ఎవరికి పుట్టిందో తెలియదు గాని, అక్కడి నుంచి మూడు వారాలు వీధికి వేరే పని లేకపోయింది. టాసియో బట్టీలో పెట్టాడు. బన్నులు మాడాయి, జెర్సీ తడిగానే ఉంది. ఎండుచేపల తడకల మీద పరిచారు. ఈగలు కూడా తడిసి లేచాయి. ఇస్త్రీపెట్టె కింద పెడితే ఆవిరి లేచి ఇల్లంతా మబ్బు కమ్మింది.

ఇదంతా చూస్తూ నోరు మెదపనివాడు ఒక్కడే, లూమింగ్ మొగుడు కూలస్. జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి నడుపుతాడు. మనిషి మంచివాడే గాని రంగుల కంపెనీ జట్టు అభిమాని. పెళ్లయ్యాక గాని ఈ సంగతి బయటపడలేదు. అతని ఆకుపచ్చ జెర్సీకి ఆ దండెం మీద చోటు లేదు. ముప్పై ఏళ్లుగా అది వెనక కిటికీ ఊచల మీదే ఆరుతోంది. రంగుల జట్టు కప్పు చూసి తొమ్మిదేళ్లయింది. అది కూలస్‌కి లోలోపల పెద్ద బాధ.

డ్రాఫ్ట్ రోజు మధ్యాహ్నం వీధి ఆటస్థలంలో టీవీ పెట్టారు. సార్డీన్ జట్టు మేనేజరు మైకు ముందుకొచ్చి సాంతోని రంగుల కంపెనీకి ఇచ్చేశామన్నాడు. బదులుగా డ్రాఫ్ట్‌లో మూడోగా ఏరుకునే వాళ్ల అవకాశం తీసుకుని, ఎలియాజర్ అనే ఆరడుగుల తొమ్మిది అంగుళాల కుర్రాడిని ఏరుకున్నాడు. ఆ కుర్రాడు ఏడుస్తూ అనాస తోటల్లో కూలిచేసే వాళ్లమ్మకి దండాలు చెప్పుకున్నాడు. లూమింగ్ అదేమీ వినలేదు. లేచి, కుర్చీ మడిచి చంకన పెట్టుకుని, "వాడి జెర్సీ నా దండెం ఎక్కదు" అని అందరికీ వినపడేలా చెప్పి ఇంటికి పోయింది.

కూలస్‌కి మాత్రం లోపల పండగ. సాంతో వస్తే ఈసారి కప్పు మనదేనని జీప్నీ స్టాండులో అందరూ భుజం తట్టారు. ఇంట్లో ఎంత బిగబట్టినా ఈల ఆగలేదు. మూడు రోజులపాటు లూమింగ్ అతనికి వట్టి అన్నం, మిరపకాయ వేసిన వెనిగర్ పెట్టింది. అతను దాన్ని కూడా ఈల వేస్తూనే తిన్నాడు.

పేపర్లో పడ్డ గంటకి ఆరాల్సిన జెర్సీ ఆరలేదు. వారమైనా ఆరలేదు. లూమింగ్ కోపంలో దాని వంక చూడడమే మానేసింది. ఈలోగా ఊళ్లో నీళ్ల కరువు వచ్చింది. కుళాయిలు మొదట పొద్దున పూట, తర్వాత రోజంతా ఎండిపోయాయి. నెనిటా ఎనిమిదో నంబరు కింద బకెట్ పెట్టింది. గంటలో నిండింది. డ్రమ్ము పెట్టారు, అదీ నిండింది. నీళ్లలో సబ్బు వాసన కూడా లేదు. వాటితో అన్నం మెత్తగా ఉడుకుతోందని నెనిటా అంది. తొందర్లోనే బిందెలతో వరస తయారైంది, ఎవరి ముందు ఎవరన్న తగాదాలూ తయారయ్యాయి.

జూన్‌లో ఒక శుక్రవారం పొద్దున ఆ వరసలో ఒక తల అందరికన్నా మూరెడు పైన కనపడింది. ఎలియాజర్. పేపర్లో చుట్టిన కొత్త జెర్సీ రెండు చేతులా పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. మీ దండెం ఎక్కనివాడు ఈ జట్టువాడు కాడని సీనియర్లు చెప్పారన్నాడు. లూమింగ్ వెళ్లమంది. అతను వెళ్లలేదు. వరసలో ఉన్న ముసలమ్మ చేతిలో బిందె అందుకుని ఆవిడ ఇంట్లో పోసి వచ్చాడు. తర్వాత ఇంకొకావిడది. రెండు గంటల్లో వీధి సగానికి నీళ్లు మోశాడు. వచ్చినప్పుడల్లా దండేనికి తల కొట్టుకుని దండేనికే క్షమాపణ చెప్పాడు.

ఆ క్షమాపణల దగ్గర లూమింగ్‌కి నవ్వు ఆగలేదు. కాఫీ ఇచ్చింది.

"ఇది ఎవరిదమ్మా?" అన్నాడు కారుతున్న జెర్సీ కేసి చూస్తూ.

"నువ్వొచ్చి ఎవడిని పంపించేశావో, వాడిది."

కుర్రాడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "వెళ్లిపోయినవాళ్లది ఆరిపోతుందని చెప్పారు. మరి ఇది ఆరలేదు కదమ్మా."

లూమింగ్ చేతిలో గరిటె ఆగిపోయింది. ముప్పై ఏళ్లుగా తను వీధికి చెబుతున్న లెక్క, కోపంలో తనే మరిచిపోయింది. ఎలియాజర్ మిగతాది కూడా చెప్పాడు. సాంతో రంగుల కంపెనీ కాగితాల మీద ఇంకా సంతకం చెయ్యలేదు. ఆడడం ఆపి కొత్తవాళ్లకు నేర్పే కోచ్‌గా ఉండిపొమ్మని సార్డీన్ మేనేజరు అడిగితే ఫోన్ పెట్టేశాడు. ఎవరూ అడ్డురాకుండా బుట్టలో వేసే ఫ్రీ త్రోలు నాకు నేర్పండని ఎలియాజర్ ఫోన్ చేస్తే అప్పుడూ పెట్టేశాడు. రంగుల కంపెనీ ఇచ్చిన గడువు ఆవేళ సాయంత్రంతో సరి.

లూమింగ్ గుమ్మంలోకొచ్చి మొగుడిని పిలవబోయి ఆగింది. కూలస్ మెట్ల మీద కూర్చుని అంతా వింటూనే ఉన్నాడు. సాంతో సంతకం పెడితే అతని తొమ్మిదేళ్ల ఎదురుచూపు తీరుతుంది. ఇప్పుడు ఆ సాంతో దగ్గరికి తీసుకెళ్లమని అతన్నే అడగాలి. కూలస్ చేతిలో బన్ను ముక్క పూర్తిగా తిని, చేతులు దులుపుకుని, జీప్నీ తాళాలు తీసుకున్నాడు.

"బకెట్ కూడా పట్టుకో," అన్నాడు. "సీట్లు తడుస్తాయి."

బకెట్ రెండుసార్లు నిండింది. రెండుసార్లూ దారి పక్క ఎండిన మొక్కలకి పోశారు. ఎలియాజర్ మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని వెనక ముడుచుకు కూర్చున్నాడు.

పసిగ్ ఊళ్లో రంగుల జట్టు ఆటస్థలం బయట, బెంచీ మీద మోకాలికి ఐసు కట్టుకుని సాంతో కూర్చున్నాడు. పక్కన కాగితాలు, వాటి మీద పెన్ను. లూమింగ్‌ని చూసి లేవబోయాడు. ఆవిడ కూర్చోమని సైగ చేసి జెర్సీ పైకెత్తి పట్టుకుంది. కింద బకెట్లో నీళ్లు చప్పుడు చేస్తున్నాయి.

"నెల దాటింది. నిన్ను ఆరబెట్టలేక చస్తున్నాను," అంది. "పోతావా, పో. ఉంటావా, ఉండు. ఏదో ఒకటి తేల్చు నాయనా."

సాంతో తల వంచుకున్నాడు. "పదహారేళ్లు ఆడాను పిన్నీ. పిల్లాడి కోసం నన్ను ఇచ్చేశారు. బజార్లో చేప మార్చుకున్నట్టు. ఏ మొహం పెట్టుకుని మళ్లీ వాళ్ల గుమ్మం ఎక్కను?"

లూమింగ్‌కి కళ్లు చెమర్చాయి. తనకీ అదే కోపమని, అదింకా పోలేదని చెప్పింది. "కానీ ఆ పిల్లాడు పొద్దున్నుంచీ నీ నీళ్లు మోశాడురా. మా వీధంతా వాటితోనే వండుకు తింటోంది."

సాంతో మొదటిసారి ఎలియాజర్ కేసి చూశాడు. బయట గోడకి పాత బుట్ట ఒకటి ఉంది, కింద ఎవరో వదిలేసిన బంతి. "ఏదీ, వెయ్యి," అన్నాడు.

కుర్రాడు వేశాడు. బంతి ఇనప రింగుకి తగిలి ఎటో పోయింది. రెండోది బుట్ట వెనక పలకకే తగల్లేదు. మూడోది కూలస్ జీప్నీ అద్దానికి తగిలింది. ఒక్కొక్కటి తప్పినప్పుడల్లా సాంతో మొహం పన్ను నొప్పి వచ్చినవాడిలా ముడుచుకుపోతోంది. నాలుగోదానికి ఇక ఉండబట్టలేకపోయాడు.

"మోచెయ్యి," అన్నాడు. "మోచెయ్యి లోపలికి. అలా కాదు. ఆగు, ఆగక్కడ."

ఐసు ఊడిపడింది. కుంటుకుంటూ వెళ్లి కుర్రాడి మోచెయ్యి పట్టుకున్నాడు. మునివేళ్ల మీద లేచినా ఆ చెయ్యి అందడం లేదు. ఎలియాజర్ మోకాళ్లు వంచి తనే కిందికి వచ్చాడు.

బకెట్లో చప్పుడు ఆగిపోయిందని లూమింగ్‌కి అప్పుడు తెలిసింది. జెర్సీ అంచు తడిమింది. పొడిగా ఉంది. భుజాలు తడిమింది, అవీ పొడిగా ఉన్నాయి. జెర్సీని ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా నాలుగు మడతలు పెట్టింది. అక్కడ ఆ ఇద్దరికీ ఇంకా ఏమీ తెలియదు. బంతి గురించి పోట్లాడుకుంటున్నారు. అద్దం తుడుచుకుంటున్న కూలస్ మాత్రం ఆ మడతలు చూశాడు.

"పోయింది మా కప్పు," అన్నాడు. అని, ఇంకోసారి అద్దం తుడిచాడు.

వీధికి తిరిగొచ్చేసరికి బిందెల వరస ఆవిడ కోసం ఎదురుచూస్తోంది. సాంతో కోచ్‌గా తిరిగొస్తున్నాడని సంతోషపడినవాళ్లే, నీళ్లు ఆగిపోయాయని తెలిసి తిట్టారు. వానలు పడేదాకా ఓపిక పట్టలేకపోయావా అంది నెనిటా. మరుసటి సాయంత్రమే వాన పడింది. నెనిటా తిట్లు వెనక్కి తీసుకోలేదు గాని, ఒక గిన్నె నిండా చింతపండు పులుసు పంపింది.

ఆ వాన వారం రోజులు వదల్లేదు. రెండో ఆదివారం కాస్త తెరిపి ఇచ్చినా ఆకాశం మసక మసగ్గానే ఉంది. తుంపర పడుతోంది. వీధిలో వారం రోజులుగా ఎవరి ఇంట్లోనూ చేతిరుమాలు కూడా ఆరలేదు. లూమింగ్ మాత్రం పీట వాల్చుకుని కూర్చుంది. పద్నాలుగు జెర్సీలు ఉతికింది. అందులో ఎలియాజర్‌ది కొత్తది. కోచ్‌కి నంబరు ఉండదు కాబట్టి ఎనిమిదో నంబరు ఆవిడే తొడుక్కుంది. పద్నాలుగూ దండెం మీద వేసి, క్లిప్పులు పెట్టింది. తర్వాత ఇంట్లోకి వెళ్లి, వెనక కిటికీ ఊచల మీద చెమ్మగా వేలాడుతున్న ఆకుపచ్చ జెర్సీ తీసుకొచ్చింది.

నెనిటా గుమ్మంలోకి వచ్చింది. టాసియో బేకరీ కిటికీలోంచి తల బయట పెట్టాడు. లూమింగ్ ఎవరినీ చూడకుండా సాంతో చోటులో ఆ జెర్సీ వేసి, ఒక భుజానికి క్లిప్పు పెట్టింది. రెండో క్లిప్పు కోసం చెయ్యి చాచి, ఆగిపోయింది. తుంపర పడుతూనే ఉంది. మిగతా పద్నాలుగూ నీళ్లు కారుతున్నాయి. ఆకుపచ్చది మాత్రం, ఎక్కడికీ వదిలిపోనివాడి జెర్సీలా, అప్పుడే ఇస్త్రీ చేసినట్టు పొడిగా, వెచ్చగా ఉంది.

ఆవిడ దాన్ని చెంపకి ఆనించుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్లి పొయ్యి ముట్టించి, వెల్లుల్లి బాగా వేసి అన్నం వేయించింది. రేవు నుంచి వచ్చిన పెద్ద చేప పొట్ట ముక్క, తన కోసం దాచుకున్నది, కూలస్ పళ్లెంలో వేసింది. కూలస్ చేపకేసి, ఆవిడకేసి చూసి, ఈల వేసుకుంటూ తిన్నాడు.